తొంభై ఆరు రోజుల అబద్ధం

నా స్నేహితురాలు నాతో తొంభై ఆరు రోజులు అబద్ధం చెప్పింది. లెక్క నాదే. పన్నెండేళ్ల వయసులో నేను లెక్కపెట్టకుండా వదిలేసిన వస్తువంటూ లేదు. మెట్లు, చొక్కా గుండీలు, బడి గేటుకున్న ఇనుప చువ్వలు, అన్నీ లెక్కే. లెక్కపెడుతున్నంతసేపూ భయం కాస్త తగ్గేది. ఇప్పుడు నా కూతురు బడికి వెళ్లే ముందు పెన్సిళ్లు మూడుసార్లు లెక్కపెట్టుకోవడం చూస్తే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే గుండె చివుక్కుమంటుంది, ఆ పైన తూనీగ గుర్తొస్తుంది.

తూనీగ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు. సన్నటి కాళ్లు, పెద్ద కళ్లు. ఒకచోట నిలబడమంటే ఏదో శిక్ష వేసినట్టు అటూ ఇటూ ఊగేది. ఆ పేరు ఎవరు పెట్టారోగాని సరిగ్గా అతికింది. నన్ను ఇంటా బయటా ఇన్‌స్పెక్టరమ్మ అనేవారు. అది మా నాన్న పెట్టిన పేరు. ఎందుకు పెట్టాడో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది ఇస్త్రీ దుకాణం. దుకాణమంటే వేరే ఎక్కడో కాదు, మా ఇంటి ముందుగదే. వీధివైపు ఇనుప షట్టరు, పక్క సందులోకి ఒక తలుపు. గది మధ్యలో నడుమెత్తు బల్ల, దానిమీద నాలుగు మడతల పాత కంబళి, పైన తెల్ల దుప్పటి. మూతకు మేకుతో చిల్లులు పొడిచిన సీసాతో బట్టలమీద నీళ్లు చల్లి, చుట్టలు చుట్టి, పక్కపక్కనే పేర్చడం నా పని. నాన్న ముందు కాలరు, తరువాత భుజాలు, చేతులు, ఆఖరున వీపూ ముందుభాగమూ చేసేవాడు. ఆ వరస తప్పితే చొక్కా అలుగుతుందనేవాడు. ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో చూడడానికి వేలు నాలుక మీద తడిచేసి దాని అడుగుకి ఇలా తాకించి అలా తీసేసేవాడు. చుయ్‌మంటే సిద్ధమైనట్టు. తడిబట్ట మీద వేడి పెట్టె ఆనగానే లేచే ఆ ఆవిరి వాసన ఇప్పుడెక్కడైనా ముక్కుకి తగిలితే నడుస్తున్నదాన్ని నడుస్తున్నట్టే ఆగిపోతాను.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒకరోజు నాన్న ఏదో హోటలు వాళ్ల బల్లగుడ్డలు అర్జంటుగా అందించాలని, పెట్టెను బల్లమీద బోర్లా వదిలేసి, ప్లగ్గు తియ్యకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు. గొడుగు మరిచిపోయి వెనక్కొచ్చిన అమ్మ పొగ చూసి స్విచ్చి ఆపింది. కంబళికి పెట్టె ఆకారంలో నల్లటి చిల్లు పడింది, అంతే, ఇంకేమీ కాలేదు. ఆ పూట భోజనాల దగ్గర నాన్న నవ్వుతూ, "ఇంకో పది నిమిషాలు అయ్యుంటే ఇల్లు బూడిదే" అన్నాడు. "చాల్లెండి మీ గొప్ప" అంది అమ్మ. వాళ్లిద్దరూ ఆ మాటను అక్కడే వదిలేసి చేతులు కడుక్కుని లేచారు. నేను మాత్రం ఆ పది నిమిషాలను పట్టుకుని వదల్లేదు.

అప్పట్నుంచి పొద్దున పూట నాది ఒకటే తంతు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పనికి అమ్మ ఆరున్నరకే వెళ్లిపోయేది. నాన్న ఏడింటికి ప్లగ్గు పీకి, షట్టరు దించి, మూటలు సైకిలుకి కట్టుకుని బయల్దేరేవాడు. ఇంటికి తాళం వేసే పని నాది. ప్లగ్గు తీసి ఉందో లేదో చూసేదాన్ని. పెట్టెను వేలితో తాకేదాన్ని. పది లెక్కపెట్టి మళ్లీ తాకేదాన్ని. తాళం వేసి, వీధి చివర రొట్టెల దుకాణం మలుపు దాకా వచ్చేదాన్ని. అక్కడికి రాగానే, ప్లగ్గు తీసి ఉండడం నేను చూసింది ఇవాళా, నిన్నా అన్న అనుమానం మొదలయ్యేది. వెనక్కి పరుగు. తాళం తీసి, చీకటి గదిలో లైటు వేసి, చూసి, మళ్లీ తాళం. మళ్లీ మలుపు. మళ్లీ అనుమానం. కొన్ని రోజులు నాలుగుసార్లు తిరిగేదాన్ని. నవ్వేవాళ్లు నవ్వుకోండి. ఇల్లు తగలబడుతున్నట్టు కళ్లముందు ఆడుతుంటే లెక్కల క్లాసు చెవికెక్కేదెలా?

తూనీగ ఆ మలుపులోనే నాకోసం కాచుకుని ఉండేది. నాకు ఆలస్యమైతే దానికీ ఆలస్యమే. ఇద్దరం గేటు బయట వరుసలో నిలబడి చీవాట్లు తినేవాళ్లం. ఏడో తరగతి మొదట్లో ఒక సోమవారం అలా నిలబడ్డప్పుడు అది అంది:

"ఇలా కాదే. నీకు అనుమానమొస్తే నువ్వెళ్లకు. తాళంచెవి నాకివ్వు, నేను పరుగెత్తుకెళ్లి చూసొస్తా. నువ్వెళ్లొస్తే పది నిమిషాలు. నేనైతే మూడు."

"ప్లగ్గు చూడాలి."

"చూస్తా."

"పెట్టె ముట్టుకుని చూడాలి. దూరంనుంచి చూస్తే కుదరదు."

అది ఒక్క క్షణం మాట్లాడలేదు. "సరేలే, ముట్టుకుంటా" అంది.

అన్నీ లెక్కపెట్టే నేను ఆ ఒక్క క్షణాన్ని లెక్కలో వేసుకోలేదు.

మర్నాటి నుంచే మొదలైంది. మలుపు దగ్గర దాని చేతిలో తాళంచెవి పెట్టేదాన్ని. అది రివ్వున వెళ్లి, రొప్పుతూ వచ్చి, "చూశాను. ప్లగ్గు తీసే ఉంది. పెట్టె చల్లగా ఉంది" అనేది. అంతే, ప్రాణం లేచొచ్చేది. నా కళ్లను నేను నమ్మలేకపోయేదాన్ని గాని దాని మాటను నమ్మేదాన్ని. దానికి భయమంటే ఏమిటో తెలియదని నాకు గట్టి నమ్మకం. గోడలెక్కేది, వీధికుక్కలను అదిలించేది, హెడ్మాస్టరు గదిలోంచి సుద్దముక్కలు తేవాలంటే టీచర్లు దాన్నే పంపేవారు. "మా తూనీగకి దేనికీ భయం లేదు" అని బడంతా చాటింపు వేసింది నేనే. క్లాసులో ఫ్యాను వెయ్యాల్సొచ్చినప్పుడు మాత్రం, "నువ్వెయ్యవే, నాకు బద్ధకం" అనేది. లేడిలా పరుగెత్తే పిల్లకి లేచి స్విచ్చి నొక్కడానికి బద్ధకమేమిటని నాకు తోచనే లేదు.

ఆ రోజులెంత బాగుండేవో చెప్పకపోతే అన్యాయం. ఉదయాన్నే తడిసిన వీధి, రొట్టెల దుకాణంలోంచి వెచ్చటి గాలి, ఒక రొట్టె కొనుక్కుని చెరిసగం తుంచుకుని నడవడం. ఎప్పుడూ పెద్దముక్క నాకే వచ్చేది. అది తుంచడంలో లోపమని తూనీగ అనేది. నేను ఆ ఏడు మొదటిసారి దారిపక్క ఇళ్లను చూశాను, ఎవరింటి కిటికీకి ఏ రంగు పరదా ఉందో చూశాను. అంతకుముందు ఆ దారిలో నాకు మంటలు తప్ప ఏమీ కనబడేవి కావు. సాయంత్రం బడి వదలగానే మాత్రం అది నాకోసం ఆగేది కాదు. "ప్రాక్టీసు!" అని అరిచి ముందే పరుగెత్తేది. అదేం ప్రాక్టీసోనని నేను ముఖం మాడ్చుకునేదాన్ని.

దానికి ఒకటే కోరిక ఉండేది, బడి రిలే జట్టులో పరుగెత్తాలని. ఆరో తరగతి వాళ్లను తీసుకోరు కాబట్టి రెండేళ్లుగా కాచుకుని ఉంది. వాళ్లమ్మ ఆస్పత్రిలో నర్సు. వరసగా రాత్రి డ్యూటీలు చేసి దానికి క్యాన్వాసు బూట్లు కొనిపెట్టింది. జట్టు ఎంపిక ఒక శనివారం పొద్దున ఏడున్నరకన్నారు. మా డ్రిల్లు మాస్టారు రా అన్నా పో అన్నా కూర్చో అన్నా ఈలతోనే చెప్పేవాడు గనక ఆయన్ని ఈల మాస్టారనేవాళ్లం. ఈసారి మాత్రం ఈల తీసి నోటితోనే చెప్పాడు: "ఏడున్నరంటే ఏడున్నరే. ఒక్క నిమిషం దాటినా పేరు రాయను."

శుక్రవారం సాయంత్రం మా సందువైపు తలుపు తాళం పట్టేసింది. నాన్న నూనె పోసి, తిట్టి, సుత్తితో కొట్టి, చివరికి కొత్తది తెచ్చాడు. శనివారం నాన్నను పది నిమిషాలు ముందే తరిమేసి, తాళం వేసి, మలుపు దగ్గరికొచ్చాను. తూనీగ అప్పటికే ఒంటికాలి మీద గెంతుతోంది.

అనుమానం ఠంచనుగా వచ్చింది. "ఒక్కసారి చూసి రావే" అన్నాను.

"ఇవాళొద్దే. టైమవుతోంది."

"ఒక్కసారేగా. నీకెంతసేపు?"

అది నా ముఖంలోకి చూసి చెయ్యి చాచింది. జేబులోంచి తాళంచెవి తీసిచ్చాను. పరుగున వెళ్లింది, పరుగున వచ్చింది. "చూశాను. ప్లగ్గు తీసే ఉంది. పెట్టె చల్లగా ఉంది. ఇక పద."

పద అంటూ నేను సంచి సర్దుకున్నాను. సంచి పైఅరలో వేలికేదో తగిలింది. కొత్త తాళంచెవి. అలవాటు కొద్దీ దానికి నేనిచ్చింది పాతది.

"ఏ తాళంచెవితో తీశావు?" అన్నాను.

"అదేంటి, నువ్విచ్చినదానితోనే."

"అది పాత తాళానిది. మా తలుపుకి ఇప్పుడా తాళం లేదు."

తూనీగ ఊగడం మానేసింది. అది కదలకుండా నిలబడగా నేను చూడడం అదే మొదలు.

"లోపలికి వెళ్లలేదు కదూ?"

"లేదు."

"నిన్న?"

అది నా చేతిలోని కొత్త తాళంచెవినే చూస్తోంది.

"మొన్న? అసలెప్పుడైనా వెళ్లావా?"

"మొదటిరోజు తాళం తీశాను," అంది అది నేలచూపులు చూస్తూ. "అంతే."

నేను ఇంటికి పరుగెత్తాను. తాళం తీసి, లైటు వేసి చూశాను. ప్లగ్గు తీసే ఉంది. పెట్టె రాయిలా చల్లగా ఉంది. అది చూసి ఊరట పడాల్సింది పోయి నాకు ఇంకా కోపం వచ్చింది. ఇన్నాళ్లూ నేను దేన్ని పట్టుకుని నిలబడ్డానో అది అసలు లేనే లేదు. తూనీగ నా వెనకే వచ్చి గడప బయట రొప్పుతూ నిలబడింది. "ఉందిగా ఇల్లు! ఇక పదవే. పరుగెడితే అందుకుంటాం."

నేను కదల్లేదు. నేలమీద కూర్చుని ఏడ్చాను. "నువ్వు నా స్నేహితురాలివి కావు, దొంగవి" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అది వెళ్లిపోవచ్చు. తన రెండేళ్ల కోరిక పది నిమిషాల దూరంలో ఉంది, కాళ్లకు కొత్త బూట్లున్నాయి. వెళ్లలేదు. నా ఏడుపు ఆగి, నేను ముక్కు తుడుచుకుని, తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకునేదాకా ఆ సందులోనే నిలబడింది.

మేం వెళ్లేసరికి మైదానంలో నలుగురమ్మాయిలు వరుసగా నిలబడి ఉన్నారు. ఈల మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. తూనీగ ఆయన దగ్గరికి కూడా వెళ్లలేదు. నేనెలాగూ దానివైపు చూడలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది.

తరువాత ఇరవై రెండు రోజులు మాట్లాడలేదు. ఊరికే ఉన్నానా? తూనీగ అబద్ధాలకోరని క్లాసులో ఒక్కొక్కరికీ చెప్పాను. అది కాదనలేదు. వేరే బెంచీకి మారి కూర్చుంది. నేను మళ్లీ మలుపుకీ ఇంటికీ మధ్య తిరిగాను, గేటు బయట నిలబడ్డాను, ఈసారి ఒక్కదాన్నే. రొట్టె కొనుక్కుంటే మొత్తం నాకే మిగిలేది. సగమే తినగలిగేదాన్ని.

ఒక సాయంత్రం నాన్నకి నీళ్లు చల్లి ఇస్తున్నాను. ఆయన కాలరు మీద పెట్టె నడుపుతూ, "ఏం ఇన్‌స్పెక్టరమ్మా, తూనీగ కనబడ్డం లేదు, ఎగిరిపోయిందా?" అన్నాడు.

మొత్తం చెప్పాను. చెబుతుంటే మళ్లీ కోపమొచ్చి చొక్కాను నీళ్లతో ముంచేశాను. నాన్న విని పెట్టెను నిలబెట్టి, పగలబడి నవ్వాడు.

"నవ్వుతావేంటి నాన్నా!"

"నవ్వక? తొంభై ఆరు రోజులు నా పెట్టెకి ఇన్‌స్పెక్షనే జరగలేదన్నమాట. అయినా గోడలు నిలబడే ఉన్నాయి."

"నువ్వేగా అన్నావు, పది నిమిషాలైతే ఇల్లు బూడిదని!"

"నేనా? ఎప్పుడు?"

ఆయనకి నిజంగానే గుర్తులేదు. గుర్తుచేశాను. నాన్న నవ్వు ఆగిపోయింది. ప్లగ్గు పీకి, చేతులు తుడుచుకుని, నా పక్కన బట్టల మూట మీద కూర్చున్నాడు. "ఊరికే నోరుజారి అన్న మాట తల్లీ. దాన్ని ఇన్నాళ్లూ మోస్తున్నావా? నాకొక్కమాట చెప్పొద్దూ" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూడడం నాకు ఇబ్బందిగా అనిపించి సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను.

ఆయనే మళ్లీ అన్నాడు. "అయినా ఆ పిల్ల ఈ గదిలోకి ఎలా వస్తుందే? వాళ్లమ్మ బట్టలిచ్చి పంపితే గడప అవతల్నుంచే మూట విసురుతుంది. ఒకసారి లోపలికి రామ్మా అంటే, ఈ పెట్టెను పాముని చూసినట్టు చూసి ఒకటే పరుగు."

ఫ్యాను గుర్తొచ్చింది నాకు. "నువ్వెయ్యవే, నాకు బద్ధకం." ఆ ఒక్క క్షణపు మౌనం కూడా అప్పుడు గుర్తొచ్చింది. తల కొట్టేసినట్టయింది.

వెంటనే దాని ఇంటికి వెళ్లాను. రెండో అంతస్తులో ఒకటే గది. వాళ్లమ్మ ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. బయట పొద్దు వాలిపోయింది, గదిలో లైటు లేదు. తూనీగ కిటికీకి అతుక్కుని, ఉన్న కాస్త వెలుతురులో పుస్తకం కళ్లకి ఆనించుకుని చదువుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"లైటు వెయ్యనా?" అన్నాను.

"వెయ్యి," అంది పుస్తకం మూసి.

వేశాను. ఇద్దరం మంచం అంచున కూర్చున్నాం. అదే మొదలుపెట్టింది. ఎనిమిదేళ్లప్పుడు పాత ఇంట్లో తడిచేత్తో టేబుల్ ఫ్యాను ముట్టుకుంటే కరెంటు గోడకేసి విసిరికొట్టిందట. మూడు రోజులు వేళ్లు వణుకుతూనే ఉన్నాయట.

"అప్పట్నుంచి స్విచ్చి ముట్టుకోలేనే. అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. మొదటిరోజు మీ తలుపు తీశాను. లోపలంతా చీకటి. లైటు వెయ్యాలి, ఆ పెట్టె ముట్టుకోవాలి. చెయ్యి పైకి లేవలేదు. రెండోరోజు నుంచి మీ సందులో దర్జీ కొట్టు మెట్ల మీద కూర్చుని అరవై లెక్కపెట్టి వచ్చేసేదాన్ని."

"నాకు చెప్పొచ్చుగా."

"ఎలా చెప్పను?" దానికి కోపమొచ్చింది. "మా తూనీగకి దేనికీ భయం లేదని ఊరంతా చెప్పింది నువ్వు కాదూ? నీకు భయమేస్తే నాకు చెప్పుకున్నావు. నేనెవరికి చెప్పుకోను?"

నేను మంచం మీది దుప్పటి ముడతలు అరచేత్తో సాఫు చేశాను.

"నేనేం హాయిగా ఉన్నాననుకోకు," అంది మళ్లీ. "నిజంగా మీ ఇల్లు కాలిపోతే నా వల్లే కదా. క్లాసులో కూర్చున్నా అదే ఆలోచన. బడి వదలగానే నీకంటే ముందు పరుగెత్తుకెళ్లి, మలుపులోంచి మీ ఇంటికేసి చూసి, పొగ లేదని తేలాకే ఊపిరి పీల్చుకునేదాన్ని. రోజూ."

ప్రాక్టీసంటే అదన్నమాట. తొంభై ఆరు రోజులు నేను హాయిగా ఉన్నానంటే నా భయం పోయి కాదు, దాన్ని తూనీగ తీసుకుపోయింది. అలాంటిదాన్ని నేను దొంగన్నాను.

"సెలక్షన్ కూడా పోయింది నా వల్ల," అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"అవును," అంది. పర్వాలేదని అనలేదు. అందుకే ఆ పూట నాకు అదంటే మరింత ఇష్టం కలిగింది.

మర్నాడు ఈల మాస్టారి గది ముందు ఎంతసేపు నిలబడ్డానో చెప్పను. లోపలికి వెళ్లి గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పాను, తూనీగ భయం సంగతి తప్ప. అది చెప్పే హక్కు నాకు లేదు. ఆయన విన్నాక, "జట్టు పేర్లు సోమవారం పంపాలి. నలుగురున్నారు. అదనపు ఆటగత్తెగా ఒకరికి చోటుంది," అన్నాడు. "రేపు పొద్దున ఏడింటికి రమ్మను. వంద మీటర్లు పదిహేనున్నర సెకన్లలోపు వస్తే రాస్తా. నువ్వూ రా. ఆ గీత దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకోవడానికి నాకో మనిషి కావాలి. నీ వల్లే కదా ఈ గోలంతా."

మర్నాడు ఒక్కసారే చూసుకుని తాళం వేశాను. మలుపు దగ్గరికి రాగానే అనుమానం వచ్చి కూర్చుంది. తూనీగ నా ముఖం చూసి పసిగట్టేసింది.

"చూసి రానా? ఈసారి నిజంగా వెళ్తా. లైటు వేసి చూస్తా." అలా అంటుంటే దాని పెదవులు పాలిపోయాయి.

"వద్దు. అనుమానముంటే ఉండనీ. దాన్ని కూడా వెంటబెట్టుకొస్తా," అన్నాను. వెనక్కి చూడకుండా నడిచాను.

మైదానంలో ఎవరూ లేరు. గడ్డి మీద ఇంకా మంచు ఆరలేదు. అటు చివర తూనీగా ఈల మాస్టారూ, ఇటు చివర సున్నం గీత పక్కన నేను. ఈల వినబడగానే నొక్కాలి, అది గీత దాటగానే మళ్లీ నొక్కాలి. స్టాప్‌వాచ్ జారిపోకుండా రెండు చేతులతో పట్టుకున్నాను.

ఈల మోగింది. నొక్కాను.

తూనీగ పరుగెత్తడం నేను రోజూ చూసిందే. కాని రోజూ అది నాకు దూరంగా, మా ఇంటివైపు వెళ్లేది. నాకేసి పరుగెత్తుకు రావడం అదే మొదటిసారి. మొదట చిన్నగా కనబడింది, తరువాత దాని మోకాళ్లు కనబడ్డాయి, తరువాత పళ్లు బిగించిన ముఖం. కాళ్లు నేలను తాకుతున్నాయా అని సందేహం వచ్చింది. నేను అరిచాను. గెంతాను. అది గీత దాటి, నన్ను దాటి, గోడ దాకా వెళ్లి, రెండు చేతులూ గోడకి ఆన్చి ఆగింది. నేను ఇంకా గెంతుతూనే ఉన్నాను.

"ఎంత?" అని అరిచాడు మాస్టారు అటునుంచి.

చేతుల్లోకి చూసుకున్నాను. ముల్లు ఇంకా తిరుగుతూనే ఉంది.

గెంతుతూ నేను రెండోసారి నొక్కడం మరిచిపోయాను. తాళం మూడుసార్లు లాగి చూసుకునే నేను! మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు. "ఇన్‌స్పెక్టరమ్మట, ఇన్‌స్పెక్టరమ్మ!" అని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. తూనీగ వచ్చి, స్టాప్‌వాచ్ చూసి, నన్ను చూసి, గడ్డిమీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. "రెండుసార్లు ముంచావే నన్ను!"

ఐదు నిమిషాలు ఊపిరి పీల్చుకుని మళ్లీ పరుగెత్తింది. ఈసారి నేను దానికేసి చూడలేదు, గీతకేసే చూశాను, సరిగ్గా నొక్కాను. పదిహేను పాయింట్ ఏడు. మాస్టారు స్టాప్‌వాచ్ అటూ ఇటూ తిప్పి చూశాడు. కావాలంటే పదిహేనున్నరని రాసుకోవచ్చు. ఆయన అలా రాసే మనిషి కాదు. "వచ్చే ఏడు చూద్దాంలే," అన్నాడు, మెల్లగానే.

నవ్విందని చెప్పాను కదా. ఆ తరువాత కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నట్టు చాలాసేపు వంగి నిలబడింది. నేను చిన్నదాన్నే గాని అంత చిన్నదాన్ని కాదు. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఎందుకు నొక్కలేదే?" అంది నీళ్లు కారుతున్న ముఖంతో.

"నిన్నే చూస్తున్నా," అన్నాను. అప్పుడు తెలిసింది నాకు, ఈల మోగిన దగ్గర్నుంచి మాస్టారు అరిచేదాకా మా ఇల్లు ఒక్కసారి కూడా గుర్తు రాలేదని. ఏడాదిన్నరలో అలాంటి క్షణం అదే మొదటిది. అదే మాట దానికి చెప్పాను. అది ముఖం తుడుచుకుని, "మరి ఆ మాత్రానికి నన్ను వంద మీటర్లు పరుగెత్తించాలా?" అంది.

వచ్చే ఏడు రాలేదు. వేసవి సెలవుల్లో వాళ్లమ్మకు వేరే ఊరి ఆస్పత్రికి బదిలీ అయింది. ఇప్పుడు తూనీగ బస్సు నడుపుతుంది. ఆదివారాలు ఫోన్లో మాట్లాడుకుంటాం. రిలే జట్టులో అది ఎప్పుడూ పరుగెత్తలేదు, అది నా వల్లే. ఆ మొదటి పరుగు ఎంతలో ముగిసిందో ఏ కాగితం మీదా లేదు, ఎవరికీ తెలియదు. దగ్గరుండి చూసింది నేనొక్కదాన్నే. అంత వేగంగా ఒక మనిషి నాకేసి రావడం నేను మళ్లీ చూడలేదు.